ప్రిసకారు ప్రకారం

"ప్రిసకారు ప్రకారం కుదరదు మామ్మా," అన్నాడు జైలు సందర్శకుల కిటికీ వెనక కూర్చున్న గుమాస్తా వెనియామిన్.

ఫ్రోస్యా కిటికీ అంచు వదల్లేదు. ఆమె మంచులో మూడు బస్సులు మారి వచ్చింది.

"రేపు నా కంటికి ఆపరేషన్ బాబూ. చూపు నిలుస్తుందో పోతుందో డాక్టరే చెప్పలేనన్నాడు. ఈలోగా మా అబ్బాయి మొహం ఒక్కసారి చూసి పోతాను. నాలుగేళ్ళయింది చూసి. పోయిన వారమే వాణ్ణి ఇక్కడికి మార్చారట."

"చూడొద్దని ఎవరన్నారు? చూడటం నీ హక్కు. హక్కన్నాక దరఖాస్తుండాలి. మూడు ప్రతులు. ఇరవై రోజుల్లో జవాబొస్తుంది."

"ఇదివరకు ఇంత తంతు లేదు కదయ్యా," వరసలో వెనకున్నామె అందుకుంది. "ఒక సీసా వైన్ చేతిలో పెడితే తలుపు తీసేవాళ్ళు."

"అది చీకటి కాలం," అన్నాడు వెనియామిన్ గంభీరంగా. "అప్పుడు మీకు హక్కుల్లేవు. లోపలికెళ్ళేవాళ్ళు, అంతే."

అతను పెన్నుతో గోడవైపు చూపించాడు. అద్దాల చట్రంలో ప్రిసకారు తీర్పు వేలాడుతోంది. తల్లిని చూడనివ్వలేదని ఒక ఖైదీ మోల్డోవా ప్రభుత్వం మీద స్ట్రాస్‌బర్గ్ మానవ హక్కుల కోర్టుకెక్కాడు. గెలిచాడు. ఆ తీర్పు మీద సిబ్బందికి చెరువు పక్క హోటల్లో మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. వెనియామిన్‌కి సర్టిఫికెట్ కూడా ఉంది. తీర్పు పక్కనే తగిలించుకున్నాడు. దాని చట్రం తీర్పు చట్రం కంటే పెద్దది.

"ఇంతకీ ఎవరా ప్రిసకారు?" అడిగింది వెనకామె.

"ఎవరికి తెలుసు!" అన్నాడు వెనియామిన్. " అలాంటివాళ్ళకేం, ఈపాటికి ఏ ఫ్రాన్సులోనో ఇల్లు కొనుక్కుని, బాల్కనీలో కాళ్ళు చాపుకుని, మన వైనే తాగుతుంటాడు."

వరసంతా నవ్వింది.

"ఇప్పుడే రాసిస్తే?" అడిగింది ఫ్రోస్యా. "ఇవాళే పంపిస్తారా నాయనా?"

"అత్యవసరమని పైన రాయి. పెద్దాయన నాలుగింటిదాకా ఉంటారు. దయ కలిగితే సంతకం పెడతారు. కలగలేదనుకో, కేసు వెయ్యొచ్చు. అదీ నీ హక్కే."

ఆమె బల్ల మీదికి వంగింది. ముక్కు కాగితానికి తగిలేంత దగ్గరగా పెట్టి, ఒక్కొక్క అక్షరమే దిద్దింది. మూడుసార్లు. గడియారం పావు తక్కువ నాలుగు చూపిస్తోంది.

వెనియామిన్ కాగితాలు అందుకున్నాడు. మొదటి గడి దగ్గరే ఆగిపోయి, పకపకా నవ్వి, మూడింటినీ ఎర్ర సిరాతో కొట్టేశాడు.

"ఏం మామ్మా, ఖైదీ పేరు రాయమంటే తీర్పు పేరు రాశావు? ప్రిసకారు అంటే మనిషి కాదు, కేసు. ఇక్కడ మీ అబ్బాయి పేరు రాయాలి."

"మా అబ్బాయి పేరే రాశాను నాయనా," అంది ఫ్రోస్యా.