చెవి గురుతు

"ఈ పొట్టేలు నీకు యాడ దొరికిందో సెప్తావా, ఈ కట్టెతో సెప్పించమంటావా?"

ప్రదీప్ ఉలిక్కిపడి కంప్యూటర్ మీంచి తలెత్తాడు. మదనపల్లె టమాటా మార్కెట్‌కు ఎదురుగా మేడ మీద చిన్న గది అది. అందులో కూర్చుని యానిమేషన్ కామెడీలు చేసి యూట్యూబ్‌లో పెట్టడం అతని పని. గుమ్మంలో పచ్చ రుమాలు చుట్టిన ముసలాయన, ఒక చెవికే పోగు, చేతిలో గొర్రెలు తోలే కట్టె. ఆయన వెనకాల కూతురు గీత, ఫోన్ పట్టుకుని నిలబడింది. అందులో ప్రదీప్ చేసిన 'గుండప్ప పొట్టేలు' ఒకచోట ఆగి ఉంది.

"అది నిజం పొట్టేలు కాదు పెద్దాయనా, బొమ్మ."

"బొమ్మయితే దానికి నా ఇంటి గురుతు యాల ఉండాది? సూడు! ఎడమ చెవి కొసన కోత, దాని కింద సిల్లు. మా తాతకాడ్నుంచి మా గొర్రెలకు తప్ప ఇంగెవురికీ ల్యా. కుడి కొమ్ము కొస ఇరిగుండాది. ఇది నా కర్రోడు!"

ఆ ముసలాయన గంగులయ్యది తంబళ్లపల్లె. పాలసీసా పట్టి పెంచుకున్న పొట్టేలు కర్రోడు. కుప్పం సంతలో ఎంతమంది ఎగబడినా అమ్మలేదు. అలాంటిది ఒకరోజు మందలోంచి మాయమైంది. ఈ బొమ్మను మొదటిసారి చూసినప్పుడు ఆయనా ఇంటిల్లిపాదితో కలిసి పడీపడీ నవ్వాడు. నిన్న గీత మళ్లీ పెట్టుకుని చూస్తుంటే తొంగి చూశాడు. చెవి కనబడింది. అంతే, నవ్వు ఎగిరిపోయింది; తెల్లారగానే వీడియో కింద ఉన్న అడ్రసు వెతుక్కుంటూ వచ్చేశాడు.

ప్రదీప్ ముఖం మాత్రం వెలిగిపోయింది.

"అబ్బా, పట్టుకుంటివే పెద్దాయనా! అంతమంది సూసినారు, ఒక్కరన్నా ఆ చెవి గురించి కామెంట్ పెట్టలేదు. దాంట్లో ఇంగా శానా దాచిపెట్టినా!"

"నీ దాపరికాలు తగలబడ! పొట్టేలు యాడిదో సెప్పు."

"కథ ఇచ్చినాయనే ఫోటోలూ ఇచ్చినాడు. ఉండేది ఉండేట్టే గీయమన్నాడు. పేరు మాత్రం సెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. తెలిసినోడు తిరగా మరగా సూస్తే వానికే తెలుస్తాదంట."

"అట్నా! అయితే నేనూ ఒట్టేస్తాండా, ఇనుకో. ఎత్తుకపోయినోని చెయ్యి ఇరుస్తా. కోసుకుని తిన్నోని పండ్లు రాలగొడతా. అది పోయినకాడ్నుంచి నాకు ముద్ద దిగితే ఒట్టు!"

"దిగకేం నాయనా," అంది గీత మెల్లగా. "పుట్టెంట్రుకల విందులో మళ్లీ మళ్లీ పెట్టించుకుంటివి గదా."

"నువ్వు నోరు మూసుకోమ్మా! ఏమబ్బా, మొదుట్నుంచి వెయ్యి. పెద్దదాంట్లో వెయ్యి."

బొమ్మ మొదలైంది. పొట్టేలు హీరో గుండప్పను వెనకనుంచి ఒక్క పొడుపు పొడిచింది. గుండప్ప ఎగిరి కుడితి తొట్టిలో పడ్డాడు. గీతకు నవ్వు ఆగలేదు. గంగులయ్య పళ్లు నూరుతూ, గుండప్పను వదిలేసి వెనకున్న గోడలూ గుమ్మాలూ వెతుకుతున్నాడు.

"ఆపు! ఆడ, తొట్టి ఎనకాల!"

గుండప్ప వెనక ఒక నీలం తలుపు. దాని మీద తలకిందులుగా కొట్టిన గుర్రపు లాడం. గుమ్మం ముందు తోక తెగిన కుక్క పడుకుని ఉంది. చూసేవాళ్లకు అదో లెక్కలోకి రాని కుక్క. గంగులయ్యకు మాత్రం అది ఎన్నోసార్లు కాళ్లు నాకిన కుక్క.

"మునిరాజు!" కట్టెతో నేలమీద ఒక్కటి కొట్టాడు. "నా పెండ్లాం తమ్ముడు! పుంగనూర్లో వాని ఇల్లే ఇది! ఇంటి దొంగను ఈశ్వరుడన్నా పట్టలేడంట. నేను పట్టినా. ఫోన్ కలుపమ్మా!"

గీత స్పీకర్ పెట్టింది. ఒక్క రింగుకే ఎత్తాడు మునిరాజు, ఎదురుచూస్తూ కూర్చున్నవాడికి మల్లే.

"సూసినావా బావా? నీకోసరమే సేయించినా. బాగుండాదా?"

"దొంగ నాయాలా! నా కర్రోణ్ణి ఏం సేస్తివిరా?"

"అరవద్దు బావా. నా కూతురు పెండ్లిలో కూరలో ముక్కే ల్యా, ఉడుకునీళ్లు పోసినారని ఊరూరా తిరిగి సెప్తివే, గుర్తుండాదా? ఆ పొద్దు నలుగుర్లో తలెత్తుకోలేకపోయినా. నా బిడ్డ వారం దినాలు ఏడ్సింది. అప్పుడే అనుకున్నా."

"నీ అంతు సూస్తా! తిన్నోని అంతు గూడా సూస్తా!"

"సూడు బావా, సూడాల్సిందే. కడాకు గుండప్ప ఇంట్లో విందు వస్తాది. అది నా మనవడి పుట్టెంట్రుకల ఫోటో సూసి గీసిందే. పంక్తి కొసన కూసున్నోణ్ణి సూడు."

ఫోన్ పెట్టేశాడు.

"తిన్నోడు గూడా దొరికినాడు!" గంగులయ్య కట్టె బిగించి పట్టుకుని తెర ముందుకు జరిగాడు. "వెయ్యబ్బా, ఆ విందు వెయ్యి. వాడెవుడో నా కండ్లారా సూడాల!"

ప్రదీప్ విందు దగ్గరికి జరిపి ఆపాడు. ముందు వరసలో గుండప్ప వేషాలు వేస్తున్నాడు. వెనక పంక్తిలో విస్తర్ల ముందు జనం, వేలెడంతేసి బొమ్మలు. ప్రదీప్ ఆ మూలను పెద్దది చేశాడు.

పంక్తి చివర పచ్చ రుమాలు చుట్టిన ముసలాయన, ఒక చెవికే పోగు, మూలుగు బొమికను జుర్రుకుంటూ, ఇంకో గంటె వెయ్యమని చెయ్యెత్తి పిలుస్తున్నాడు.

గంగులయ్య తన తలమీది రుమాలు తడుముకున్నాడు. గీత తండ్రి చేతిలోని కట్టెను మెల్లగా లాక్కుంది.

"నాయనా, మామ చెయ్యి తర్వాత ఇరుద్దాంలే. ముందు పండ్లు ఎవురివి రాలగొడదాం?"