జోసెఫ్ తల్లి

కవితకు ఒక్క పాఠం మిగిలిపోయింది. అదొక్కటి వస్తే చాలు, మిగతా వలంటీర్లతోపాటు తనూ ఆఫ్రికాలో ఉన్న మలావీలోని ఆసుపత్రికి సేవ చేయడానికి విమానమెక్కుతుంది.

సూదులు, కట్లు, కాన్పులు అన్నీ వచ్చాయి. రానిదల్లా చావు కబురు చెప్పడం.

జగిత్యాల శిక్షణ కేంద్రంలో ఆ పాఠం రాజమణి మేడంది. నర్సుగా రిటైరై, వలంటీర్లను తయారుచేసి పంపడమే పనిగా పెట్టుకున్న మనిషి. "సూది వెయ్యడం ఎవరైనా నేర్పుతారు మేడం, ఈ మాట చెప్పడం మీరే నేర్పారు" అని పాత వలంటీర్లు మలావీ నుంచి ఫోన్లు చేస్తుంటారు. వచ్చే ఆదివారం ఆమెకు సన్మానం కూడా పెట్టుకున్నారు.

పాఠంలో మేడమే తల్లి వేషం కడుతుంది. కొడుకు పేరు జోసెఫ్. ఒకసారి జ్వరంతో పోతాడు, ఒకసారి లారీ కింద పడి పోతాడు, అది వలంటీరు ఇష్టం. ముందు తల్లిని కూర్చోబెట్టాలి. నీళ్లివ్వాలి. ఇంట్లో తోడెవరున్నారో అడగాలి. చెయ్యి పట్టుకుని, డొంకతిరుగుడు లేకుండా చెప్పాలి. తల్లి విడిపించుకునేదాకా ఆ చెయ్యి వదలకూడదు. అన్నింటికన్నా ముఖ్యం, తను ఏడవకూడదు.

కవిత ప్రతిసారీ సగంలోనే బావురుమనేది. మేడం కొడుకు అభిలాష్ టీ పట్టుకొచ్చి, "ఏందక్కా, జోసెఫ్ ఇయ్యాల గూడ బతికిండా?" అని ఆటపట్టించేవాడు.

సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సుల్లేక మేడం కోరుట్లలోని ఇంటి దగ్గరే ఉండిపోయింది. ఆ మధ్యాహ్నం కేంద్రంలో అందరూ కవిత చుట్టూ చేరారు.

"మేడంకు నీ మీదనే పానం. నువ్వే పో."

ఆమె కాదనలేదు.

తోటి వలంటీరు అజయ్ బండి మీద కోరుట్ల దాకా పాఠంలోని మాటలే నోట్లో తిప్పుకుంటూ వచ్చింది. రోడ్డు మీద టైర్లు కాలుతున్నాయి. జై తెలంగాణ అని జనం అరుస్తున్నారు. ఏదీ ఆమెకు అంటలేదు. అజయ్ మేడం ఇంటి సందు మొదట్లోనే బండి ఆపేశాడు.

రాజమణి వాకిట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"ఏం బిడ్డా, బస్సుల్లేని నాడు అచ్చినవ్? ఆదివారం నాకు శాలువ కప్పుతరంట, గా ముచ్చటేనా?"

"లోపలికి రాండ్రి మేడం. కూసోండ్రి."

రాజమణి ముఖం వెలిగింది. "ఓహో, గదా సంగతి!" లేచి, చేతులు తుడుచుకుని, లోపల కుర్చీలో కూర్చుంది. "గీసారన్న ఏడ్వకుండ చెప్పు. గదే నాకు శాలువ."

కవిత కుండలో నీళ్లు ముంచి ఇచ్చింది. మేడం తాగింది.

"ఇంట్ల ఎవరున్నరు మేడం?"

"ఎవ్వరు లేరు. మావోడు పొద్దుగాలనే సిరిసిల్ల రాస్తారోకోకు పోయిండు."

"మీ చెల్లెను పిలువాల్నా?"

"మంచిగడిగినవ్. గది అందరు మరిచిపోతరు," అని మెచ్చుకుంది మేడం.

కవిత ఆమె ముందు కింద కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఆ చేతికి ఇంకా చిక్కుడుకాయల వాసన ఉంది. ఏడుపు వస్తుందేమోనని చూసుకుంది. రాలేదు.

"మేడం, పెద్ద కష్టం చెప్పాలె. లారీ గుద్దింది. దవాఖానకు తీస్కపోయిండ్రు. డాక్టర్లు ఎంత చూసినా లాభం లేకపాయె. మీ కొడుకు అభిలాష్ చనిపోయిండు."

రాజమణి రెండో చేత్తో కవిత తల నిమిరింది.

"శెభాష్ బిడ్డా! గొంతు వణకలే, కన్ను తడవలే. ఇగ నువ్వు మలావీ పోతవ్." మురిపెంగా నవ్వింది. "ఒక్కటే తప్పు. మావోని ముచ్చట తీస్తిని గదా, వాని పేరే నోట్లకచ్చింది నీకు. జోసెఫ్ అనాలె."

"పేరు తప్పు కాదు మేడం," అంది కవిత, ఆ చెయ్యి వదలకుండా.