లకుముకిపిల్లకు ఉచిత సీటు

ఏటి ఒడ్డున ఒక లకుముకిపిట్ట ఉండేది. గాలివానకు దాని రెక్క విరిగి, సరిగా అతకలేదు. గట్టు పక్కన దొరికే చిన్న చేపలతోనే తనూ, కూతురు నీలీ బతకాలి. ఇంతలో నీలిని బడిలో వేసే వేళ వచ్చింది.

ఏటి బడిలో ముసలి లకుముకి చేపల వేట నేర్పుతుంది. కానీ ఇంట్లో తినేదాంట్లో సగం ఫీజుగా ఇవ్వాలి. అడవి బడిలో వడ్రంగిపిట్ట మాను తొలిచి పురుగు తీయడం నేర్పుతుంది. "నీ పిల్ల చురుకైంది చెల్లెమ్మా, ఫీజు వద్దు. తొర్రలో చోటిచ్చి తిండి కూడా పెడతాం" అంది వడ్రంగిపిట్ట.

ఆకలి తెలిసిన తల్లి ఉచితమంటే కాదనగలదా? సరేనంది. నీలి అడ్డుపడింది.

"అమ్మా, నిన్న మానును పొడిచి చూశాను. ముక్కు అదిరి కళ్ళు తిరిగాయి."

"నోర్ముయ్! ఊరికే వచ్చేదాన్ని కాలదన్నుకుంటావా?" అని కసిరింది తల్లి. కానీ వెంటనే వడ్రంగిపిట్ట వైపు తిరిగింది. "అన్నా, పిల్ల వెనకబడితేనో?"

"తిన్నదంతా తిరిగి కట్టాలి. అందరికీ అదే నియమం కదమ్మా!"

తల్లి నీలి ముక్కు వైపు చూసింది. తిండి ఎలాగో కట్టొచ్చు. ముక్కు విరిగితే ఎవరు కడతారు? విరిగినదానితో బతకడమేమిటో దానికి తెలుసు.

మర్నాడు సగం తిండి ఫీజుగా ఇస్తానని ఒప్పుకుని, పిల్లను ఏటి బడికే తీసుకెళ్ళింది. నీలి నీళ్ళలోకి దూకింది. పిల్ల పైకి తేలింది, నోట్లో చేప లేదు.

"మళ్ళీ దూకుతానమ్మా!"

తల్లి భయం పోలేదు. అయినా దూకమని తల ఊపింది.