ఆదివారం స్కోరు

"డ్రా!" అంటూ హమ్మాదీ అరచేత్తో బల్ల మీద కొట్టాడు. "ఇవాళ దీవి జట్టు గెలిస్తే నా మీసం గొరిగించుకుంటా."

"నీ మీసం ఎవడిక్కావాలన్నా? పిండి పిసుకు, చాలు," అన్నాడు లస్సాద్.

ఎడారి మధ్య చమురు గొట్టాల పంపింగ్ స్టేషన్ అది. ఉండేది ఆ ఇద్దరే. సోమవారం సోమవారం సామాన్ల లారీ వస్తుంది, దాంతోపాటే వారం నాటి పేపర్లు. అందులో పెద్ద జట్ల కబుర్లే తప్ప, అట్టడుగు ఫుట్‌బాల్ లీగులో ఆడే దీవి జట్టు పేరు భూతద్దం పెట్టి వెతికినా కనిపించదు. ఏ పేపరూ ముందే అంచనా కట్టెయ్యదు కాబట్టే పందెం దాని మీద పెట్టుకున్నారు. ఓడినవాడు వారమంతా రొట్టెలు చెయ్యాలి. మొదట్లో చెరో వారం చేసేవారు. రెండేళ్ళుగా మాత్రం, ఎప్పుడో ఒకసారి తప్ప, పిండి హమ్మాదీ చేతులకే అంటుకుంటోంది.

"నీకేదో మంత్రం దొరికిందిరా," అన్నాడు హమ్మాదీ.

"మంత్రం లేదు, మన్నూ లేదు. చిన్న జట్ల మీద పందెం కాసేటప్పుడు ఆటగాళ్ళ వంక చూడకూడదన్నా. తూర్పు గాలి వీచిందనుకో, దీవికొచ్చే లాంచీ ఊగుతుంది. అవతలి జట్టులో సగం మంది తిన్నదంతా కక్కుకుని దిగుతారు. అరగంటలో మనకి గోలు. అదే ఆక్టోపస్‌లు పడే రోజులైతే మనవాళ్ళు తెల్లారకముందే వేటకెళ్ళొస్తారు, రెండో సగంలో కాళ్ళు లేవవు. అప్పుడు డ్రా వెయ్యాలి. గోల్‌కీపరుకి కొత్తగా పెళ్ళయిందా, ఆ నెలంతా వాణ్ణి నమ్మకూడదు."

"అందరి పెళ్ళిళ్ళూ తెలుసు. మరి నీదెప్పుడు?"

లస్సాద్ చూపు పక్కకి మళ్ళింది. బల్ల మీద కంపెనీ పంపిన కాగితం ఉంది. సంతకం పెడితే ఇంకో మూడేళ్ళు ఇక్కడే, జీతం పెరుగుతుంది. పెట్టకపోతే స్ఫాక్స్ రేవులో తక్కువ జీతానికి చిన్న పని. రేవు నుంచి దీవి గంట ప్రయాణం. రేపు లారీ డ్రైవరు ఆ కాగితం పట్టుకుపోతాడు.

దీవిలో నజీహా ఉంది, జనం డబ్బులిచ్చి ఫోన్ చేసుకునే కొట్టు నడుపుతుంది. లాంచీ మీద పనిచేసే రోజుల్లో లస్సాద్ ప్రతి ఆదివారం ఆటగాళ్ళతోపాటు దిగి, ఆట చూసి, ఆమె కొట్టులో ఒక ఫోన్ చేసుకుని తిరుగు లాంచీ ఎక్కేవాడు. ఆ ఫోన్ చేసింది ఎవరికో కాదు, తాళం వేసి వచ్చిన తన గదికే. ఎడారికి వెళ్తున్నానని చెప్పిన రోజు ఆమె తలెత్తకుండా, "ఆట సంగతులు కావాలంటే ఆదివారాలు ఫోన్ చెయ్యండి," అంది. నాలుగేళ్ళుగా చేస్తున్నాడు. పెళ్ళికాని ఆడమనిషికి ఊరికే ఫోన్ చేస్తే దీవంతా గుప్పుమంటుంది. స్కోరు అడిగితే ఎవరూ ఏమీ అనరు. సెలవు దొరికేది ఆగస్టులో, అప్పుడు ఆటలుండవు. ఆట లేకుండా ఏ మొహం పెట్టుకుని లాంచీ ఎక్కాలో తెలియక అక్క ఇంట్లోనే గడిపి తిరిగొచ్చేసేవాడు.

"ఇవాళ ఆమె ఆట గురించి కాకుండా ఒక్క మాట మాట్లాడితే చాలన్నా, కాగితం చింపేస్తా," అన్నాడు.

"నువ్వే అడగరాదూ? నోట్లో బెల్లం పెట్టుకున్నావా?"

"ఆమె దృష్టిలో నేనొక పందేల పిచ్చోణ్ణి. కాదంటే ఈ ఫోను కూడా ఉండదు."

సాయంత్రం అయిదింటికి ఫోన్ చేశాడు. ఒక్క రింగుకే నజీహా ఎత్తింది.

"లస్సాద్ గారూ! మీరేం వేశారు ఈసారి?" ఎప్పుడూ ముందు అదే అడుగుతుంది.

"రెండు–ఒకటి. మనదే."

"సరిగ్గా చెప్పారు. రెండు–ఒకటే!"

"ఎవరు కొట్టారు?"

"మొదటిది షెడ్లీ, తలతో. వాళ్ళు ఒకటి దించారు. ఇంక డ్రా అనుకున్నాం. ఆఖర్లో మళ్ళీ షెడ్లీయే. గోల్‌కీపరు కాళ్ళ సందులోంచి!"

పక్కనే చెవి ఒగ్గి వింటున్న హమ్మాదీ మీసం పట్టుకుని మూలిగాడు. లస్సాద్ ఫోను దగ్గరగా పట్టుకున్నాడు.

"ఇంకేంటి విశేషాలు?"

"ఇంకేముంటాయి? గాలి బాగా ఉంది."

"నన్ను... ఇంకో మూడేళ్ళు ఇక్కడే ఉండమంటున్నారు."



"జీతం పెంచుతారేమో," అంది నజీహా.

"పెంచుతారు."

"మంచిదే కదా." "వచ్చే ఆదివారం ఆట ఇక్కడే. ఫోన్ చేస్తారుగా?"

"చేస్తాను."

లస్సాద్ ఫోన్ పెట్టేశాడు.

"విన్నావుగా అన్నా. ఆట, ఆట, ఆట." కలం తీసుకుని కాగితం మీద సంతకం పెట్టాడు. హమ్మాదీ పిండి డబ్బా దించాడు.

దీవిలో నజీహా ఫోను మీద చెయ్యి తియ్యకుండా అలాగే నిలబడిపోయింది. తన వంతు కోసం కూర్చున్న ముసలి జాలరి సాలహ్ అదంతా వింటూనే ఉన్నాడు.

"ఎవరికమ్మా, ఆట కబుర్లు చెబుతున్నావు?"

"తెలిసినాయనకి, బాబాయ్," అంది కళ్ళు తుడుచుకుంటూ.

ముసలాయన తెల్లబోయి చూశాడు.

"మన జట్టు ఎత్తేసి రెండేళ్ళయిందిగా!"