పొలంలో మందు

“పెట్టడమేమిటయ్యా? పొలంలో మందు చల్లుతారు గానీ పెడతారా? మీ తెలంగాణ వాళ్ళకి అన్నీ పెట్టడమే.”

రామచంద్రరావు నవ్వుతూ ఉత్తరాన్ని ప్రశాంత్ చేతికి తిరిగిచ్చాడు. ఆయన ఏలూరు నుంచి వచ్చి నాచారంలో స్థిరపడ్డ రిటైర్డు గుమాస్తా, కాలనీ సంఘానికి అధ్యక్షుడు. జనవరి ఇరవయ్యారు సభకు వేదిక సిద్ధమైంది. వెనక కట్టిన ఫ్లెక్సీ మీద మిలటరీ దుస్తుల్లో, ఆ ఉత్తరం రాసి చనిపోయిన జవాను తిరుపతి, పక్కన ఒక నాగలి బొమ్మ. కింద పెద్ద అక్షరాలు: ‘సరిహద్దులో రైతు పొలానికి ఎరువు చల్లిన వీర జవాను’.

“చదివేటప్పుడు ‘ఎరువు చల్లాం’ అని చదువు. జనానికి అర్థం కావాలి.”

“ఉత్తరంల ఉన్నట్టే సదువుత సార్.”

“సరే, నీ ఇష్టం. తర్వాత తిరుపతి వాళ్ళమ్మ కౌసల్యమ్మ గారు మైకు పట్టుకుని ‘యుద్ధం కావాలి’ అంటే చాలు. ఒక్క మాట. టీవీ వాళ్ళు కూడా వస్తున్నారు. ముంబైలో అంతమందిని చంపి రెండు నెలలైంది. రక్తం మరగట్లేదూ? నువ్వు మాజీ సైనికుడివి, నీకు మరగట్లేదూ?”

ప్రశాంత్ ఎడమ మోకాలి కింది ప్లాస్టిక్ కాలిని సర్దుకున్నాడు.

ఇప్పుడతను ఓ ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. ఒకప్పుడు తిరుపతీ తనూ ఒకే దళం. నెలకో ఆదివారం దమ్మాయిగూడ నుంచి వచ్చి, చదువురాని కౌసల్యమ్మకు కొడుకు రాసిన చివరి ఉత్తరం చదివి వినిపిస్తాడు. ఆరేళ్ళుగా అదే పని. ఆమెది ఒంటిగది ఇల్లు, భర్త సాంబయ్య పగలగొట్టి తెచ్చిన రాళ్ళతో కట్టినది. సాంబయ్యకు నలభై దాటకముందే చెవులు పోయాయి. ఆయనతో అరిచి అరిచి, ఆయన చనిపోయాక కూడా ఆమెకు మెల్లగా మాట్లాడడం చేతకాదు.

‘అమ్మా, ఇక్కడ రైతుల పొలాలల్ల మందు పెడుతున్నం. ఆవాలు మస్తుగ పూసినయి. పొద్దుందాక నడుం వంచి పనే. రైతులు గట్టు మీద నిలబడి చూస్తున్నరు.’

సరిగ్గా అక్కడ కౌసల్యమ్మ ఆపుతుంది.

“ఆ రైతులకు పంట చేతికొచ్చిందా, కొడుకా?”

“మస్తుగొచ్చిందమ్మా.”

“నువ్వు సూసినవా?”

“సూసిన.”

ప్రశాంత్ చూసింది వేరు. పార్లమెంటు మీద దాడి జరిగాక, యుద్ధం వస్తుందని సరిహద్దు పొలాల నిండా మందుపాతరలు పెట్టారు. ఆ సంగతి ఉత్తరాల్లో రాయకూడదు. అందుకే తిరుపతి ‘మందు’ అని ఊరుకున్నాడు. యుద్ధం రాలేదు. కోసే దిక్కులేక ఆవాలు చేలోనే రాలిపోయాయి. ఒకనాడు గేదెకు గడ్డి కోసమని ఒక రైతు భార్య కంచె దాటింది. ఆమె రెండు కాళ్ళూ పోయాయి. ఆ కేక విని ముందు పరుగెత్తింది తిరుపతి, వెనకే ప్రశాంత్. అవి తాము పెట్టిన మందుపాతరలే. ఒకటి తిరుపతి ప్రాణం తీసింది. ఇంకొకటి ప్రశాంత్ కాలు తీసుకుంది.

కౌసల్యమ్మతో మాత్రం ‘శత్రువు గుండు తగిలింది’ అన్నాడు. మందంటే ఎరువేనని మొదట అన్నది పక్కింటి తారామణి. కౌసల్యమ్మ కాదనలేదు. ప్రశాంత్ అసలే కాదనలేదు. ఆ తల్లికి మిగిలింది ఆ ఒక్క మాటే, దాన్ని కూడా ఊడబెరికితే ఆమె బతకదనుకున్నాడు. నెలనెలా అబద్ధానికి నీళ్ళు పోస్తూ వచ్చాడు. ఇవాళ దానికి ఫ్లెక్సీ కూడా కట్టారు.

సభలో ఉత్తరం చదివాడు. చప్పట్లు మోగాయి. కౌసల్యమ్మ లేచి, మైకును పక్కకు జరిపింది. ఆ గొంతుకు మైకు అక్కర్లేదు.

“సిపాయిలకు దండం. నా కొడుక్కు గూడ దండం. చెప్పిన పని చేసిండు వాడు. లడాయి మాత్రం వద్దు.”

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రామచంద్రరావు ఆమె చెవి దగ్గరికి వంగాడు. “కావాలి అనాలమ్మా. కావాలి.”

“వద్దనే అంటున్న సారు. గట్టు మీద నిలబడి సూసిన ఆ రైతులకు గూడ ఒక దండం పెట్టుర్రి. వాళ్ళ బొమ్మ ఎవ్వలు కట్టరు.”

ఎవరూ చెయ్యెత్తలేదు. “కొడుకు పోయినంక ముసల్దాని దిమాక్ ఖరాబైంది,” అన్నారెవరో వెనక నుంచి. రామచంద్రరావు మైకు అందుకుని నినాదాలు మొదలుపెట్టాడు. టీవీ వాళ్ళు ఆయన్నే వీడియో తీసుకుని వెళ్ళిపోయారు.

ఇద్దరూ ఇల్లు చేరారు. ప్రశాంత్ కాలు విప్పి రాతిగోడకు ఆనించాడు. కౌసల్యమ్మ చాయ్ గ్లాసు అతని ముందు పెట్టింది.

“ఉత్తరం సదువు.”

“ఇందాక సదివిన గదమ్మా.”

“అది వాళ్ళకు. నాకు సదువు.”

చదివాడు. అలవాటుగా ఆమె అక్కడే ఆపింది. ఈసారి పంట సంగతి అడగలేదు.

“ఆ పొలాలల్లకు ఇప్పుడన్న మనుషులు పోతున్నరా?”

ఆమెను చంపుతున్నానని తెలిసే నోరు తెరిచాడు.

“అమ్మా... ఆ మందు, ఎరువు కాదమ్మా.”

ఆమె అతని చేతిలోంచి ఉత్తరం తీసుకుని మడతల మీదే మళ్ళీ మడిచింది. ఆరేళ్ళలో మొదటిసారి ఆ గొంతు మెల్లగా పలికింది.

“మౌలాలి గుట్టలల్ల బండలు పేల్చనీకి మందు పెట్టుడే తిరుపతి నాయిన పని, కొడుకా.”