పలికినవారికే హాజరు

పాత వంతెన వరదకు కొట్టుకుపోయిన మరుసటేడు జరిగింది ఇది.

విద్యాధికారి ఆఫీసులో ఆ రోజు బదిలీలు.

వరండా నిండా టీచర్లు. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. అందరిదీ ఒకటే పాట. దూరపు బడి వద్దు, ఊళ్లోకి వేయండి.

ఒక నడివయసు టీచరమ్మ మాత్రం వేరే మాట అంది.

"నన్ను అక్కడే ఉంచండి సార్."

అధికారి తలెత్తాడు.

"ఎక్కడ?"

"కొండ అవతలి బడి సార్. పంతొమ్మిదేళ్లుగా అక్కడే చేస్తున్నాను."

"బస్సు కూడా పోని చోటు. అక్కడేముందమ్మా?"

"పదకొండు మంది పిల్లలున్నారు సార్. నేను లేకపోతే వాళ్ల చదువు ఆగిపోతుంది."

చెబుతున్నంతసేపూ ఆమె చేతులు ఆడుతున్నాయి.

"చేతులు దించి మాట్లాడండి. ఇది నాటకాల స్టేజీ కాదు."

ఆమె చేతులు దించింది.

"వాళ్లు అందరి లాంటి పిల్లలు కాదు సార్. వాళ్లకు..."

"ప్రతి టీచరూ ఇదే చెబుతుంది. మీ తర్వాత వచ్చేవాడు పాఠం చెప్పడా? ఏమైనా ఉంటే రాసి సెక్షన్‌లో ఇవ్వండి."

"మూడుసార్లు రాసిచ్చాను సార్."

"నాలుగోసారి ఇవ్వండి. తర్వాత ఎవరు?"

ఆమె వెళ్లిపోయింది. పెద్ద గుమాస్తా ముసిముసిగా నవ్వాడు.

"అక్కణ్నుంచి కదలనంటోందంటే ఏ తోటో దొడ్డో కూడబెట్టుకుని ఉంటుంది సార్."

"నాకు తెలీదటయ్యా? ముప్పై ఏళ్ల సర్వీసు నాది. ముందు ఆమెనే కదుపు."

అధికారికి పేరు తెచ్చింది ఆ గట్టితనమే. ఆయన రాకముందు లేని పిల్లల పేర్లు హాజరు పట్టీల్లో ఉండేవి. ఆయన వచ్చి ఒక ఉత్తర్వు వేశాడు. పిలిస్తే నోరు తెరిచి పలికినవారికే హాజరు. ముప్పై రోజులు పలకకపోతే పేరు కొట్టివేత. దొంగ పేర్లు వేలల్లో రాలిపోయాయి. పైవాళ్లు మెచ్చుకున్నారు. వచ్చే ఏడు డైరెక్టరు కుర్చీ ఆయనదేనని ఆఫీసంతా అనుకుంటోంది.

రెండు నెలలకు కొండ అవతలి బడి నుంచి కాగితం వచ్చింది.

పదకొండు పేర్లు. ముప్పై రోజులుగా ఒక్కరూ పలకలేదు.

"చూశావా? పదకొండు దొంగ పేర్లు మోసింది మహాతల్లి" అని అధికారి సంతకం పెట్టాడు. పేర్లు కొట్టేశారు.

"విచారణ వేద్దామా సార్?"

"ముందు కొత్త బడి నుంచి ఆమెను పిలిపించు."

"అక్కడ చేరలేదు సార్. రాజీనామా పంపింది. పోయిన నెల మీరే సంతకం పెట్టారు."

"పీడా పోయింది."

ఈ సంగతి పైకి రాసే ముందు ఒకసారి కళ్లారా చూద్దామని ఆయన బయలుదేరాడు. జీపు పోయినంత దూరం జీపులో, ఆపైన నడిచి బడి చేరాడు.

వరండాలో ఏడుగురు పిల్లలు పలకలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

"లోపలికి పోకుండా ఇక్కడేం చేస్తున్నారు?"

ఒక్కరూ తల తిప్పలేదు.

"ఏయ్! మిమ్మల్నే!"

స్తంభం పక్కనున్న ముసలమ్మ లేచింది.

"ఎంత అరిచినా అంతే నాయనా. వాళ్లకు వినపడదు."

"ఒక్కరికీనా?"

"ఒక్కరికీ వినపడదు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి తెచ్చి ఇక్కడ వేశాం. పంతులమ్మ చేతులతో చెప్పేది. మా మనవరాలైతే ఇప్పుడు నన్ను చేతులతోనే తిడుతుంది, గడుగ్గాయి."

గదిలో మిగతా పిల్లలకు చెబుతున్న పాఠం ఆపి కొత్త మాస్టారు బయటికొచ్చాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నీకు తెలుసా ఇది?"

"మొదటి వారమే తెలిసింది సార్. రాసి పంపాను. జవాబు రాలేదు. పలకనివాళ్లకు హాజరు వేస్తే సస్పెండ్ చేస్తామని మీ ఉత్తర్వులో ఉంది. పెళ్లాం బిడ్డలు గలవాణ్ణి."

"మరి బయట ఎందుకు కూర్చోబెట్టావు?"

"పట్టీలో పేరు లేనివాళ్లు గదిలో ఉండకూడదని కూడా ఉంది సార్. రావద్దంటే వీళ్లకు ఎలా చెప్పాలో నాకు తెలీదు. రోజూ వస్తారు."

అధికారి పిల్లలను లెక్కపెట్టాడు.

"ఇంకో నలుగురేరి?"

"పంతులమ్మ వెంటబెట్టుకుపోయింది నాయనా" అంది ముసలమ్మ.

ఆఫీసుకు తిరిగొచ్చి ఆయన బదిలీ రద్దు ఉత్తర్వు తన చేత్తోనే రాశాడు. పదకొండు పేర్లూ మళ్లీ ఎక్కించమన్నాడు.

మర్నాడు ఉదయం ఆ కాగితం పట్టుకుని, రాజీనామాలో ఉన్న చిరునామా వెతుక్కుంటూ ఆమె తమ్ముడి ఇంటికి తానే వెళ్లాడు.

తమ్ముడు దర్జీ. మాట్లాడుతూనే మిషన్ తొక్కుతున్నాడు.

"మీ అక్కగారి రాజీనామా రద్దు చేయిస్తాను. వెంటనే రమ్మనండి."

"రాదండీ. వినపడని పిల్లల బడి ఒకటుంది, ఇక్కడికి రెండు రోజుల ప్రయాణం. అందులో ఆయాగా చేరింది."

"ఆయాగానా?"

"ఆయాగా చేస్తానంటే నలుగురు పిల్లలకు చోటిస్తామన్నారు. పదకొండు మందిలో ఏ నలుగురో తేల్చుకోలేక మూడు రోజులు ఏడ్చింది."

అధికారి కాగితం మడిచాడు, మళ్లీ విప్పాడు.

"ఆమె రావాలి. మిగతా ఏడుగురూ వరండాలో ఉన్నారు. పైవాళ్లతో నేను మాట్లాడతాను, నా మాట తీసెయ్యరు. ఈ కుర్చీలోకి నేను దొడ్డిదారిన రాలేదు. అధికారుల ఎంపికలో మొదటివాణ్ణి."

తమ్ముడు మిషన్ ఆపాడు. దారం పంటితో తెంపాడు.

"ఆ ఎంపికలో మొదట వచ్చింది మా అక్కండీ" అన్నాడు. "అప్పటికి ఆవిడ దగ్గర వినపడని పిల్లలు ముగ్గురే. ఆ ముగ్గురినీ వదిలి రానని రాసిచ్చింది, ఆ కుర్చీ మీకొచ్చింది."