లావు మైకు, సన్న మైకు

“ఈ లావు మైకు గొంతుకి బాగుంటుంది సార్. ఈ సన్నది గిటార్‌కి. మీరు చెప్పిన ధరలో ఏదో ఒకటే వస్తుంది,” అన్నాడు షాపతను.

“గొంతుదే ఇవ్వండి,” అంది భార్య, తడుముకోకుండా.

భర్త ఒడిలో గిటార్ పెట్టుకుని, బొంగురు గొంతుతోనే రెండింటి ముందూ ఒక్కో చరణం పాడాడు.

“జలుబు తగ్గితే ఇంకా బాగా వస్తుంది సార్!”

ఆయన నవ్వి, సన్న మైకుని తన వైపు జరుపుకున్నాడు. “ఇది చాలు.”

“అదేంటండీ! పాటకి అది పనికిరాదంటుంటే! వచ్చే వారం గొంతు ఆపరేషనయ్యాక నెల తిరిగేసరికి మళ్ళీ పాడతారని డాక్టరు గారు చెప్పలేదూ?”

“ఆ మాట చెప్పింది నువ్వు. ఆయన్ని నిన్న నేనే అడిగాను.”

ఆపరేషన్ తర్వాత ఆయన గొంతు ఇక రాదన్న సంగతి ఆమె ఇన్నాళ్ళూ కడుపులోనే దాచుకుని, ఆయన ముందు నవ్వుతూ తిరిగింది.

ఆయన షాపతని వైపు తిరిగాడు.

“ఈ సన్నది ప్యాక్ చేయండి. దానికి ముందు, ఆ లావుదాంట్లో ఒక్క పాట రికార్డు చేసి ఈవిడ ఫోన్లో వేసిస్తారా?”

“దానికేం సార్, కానివ్వండి.”

గిటార్ సర్దుకుని ఆయన భార్య వైపు చూశాడు.

“చెప్పు, ఏం పాడమంటావు?”